విశాఖలో కూర్చుని సోల్ సింగిల్స్ కొనాలన్నా, అమ్మాలన్నా: డిస్కాగ్స్ ఎంతవరకు పనికొస్తుంది?

పాత తెలుగు సినిమా ఈపీలు ఎరిగినవాళ్లకి ఏడంగుళాల రికార్డు కొత్త కాదు. సైజు అదే, నిమిషానికి 45 చుట్ల వేగం అదే. అమెరికన్ సోల్ (అక్కడి నల్లజాతి గాయకుల బాణీ) సింగిల్‌లో తేడా మధ్య బెజ్జం దగ్గరే తెలిసిపోతుంది. అది 38 మిల్లీమీటర్లు ఉంటుంది, అడాప్టర్ పెట్టకపోతే ప్లేయర్ కడ్డీ మీద నిలవదు. పక్కకి ఒక్క పాట, మొత్తం రెండు పాటలు. పూర్ణా మార్కెట్ చుట్టూ తిరిగితే దొరికే సరుకు కాదిది. అందుకే ఇక్కడివాళ్లకి అసలు దారి డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్.

డిస్కాగ్స్‌లో రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి రికార్డుల జాబితా, రెండోది బజారు. జాబితాకి ఐదుకి ఐదు మార్కులు ఇవ్వొచ్చు. బజారుకి మూడు, అదీ అమ్మేవాణ్ణి చూసుకుని కొంటేనే.

ముందు జాబితా సంగతి. 2000లో మొదలైన ఈ సైట్‌లో పాటకి ఒక పేజీ కాదు, ఒక్కో ముద్రణకి, అంటే రికార్డు అచ్చేసిన ఒక్కో విడతకి, ఒక్కో పేజీ. సోల్‌లో ఇది ప్రాణం లాంటిది. ఫ్రాంక్ విల్సన్ పాడిన 'డూ ఐ లవ్ యూ' చూడండి. అమెరికన్ రికార్డు కంపెనీ మోటౌన్ వారి 'సోల్' అనే లేబుల్ మీద 1965లో తయారై, విడుదల కాకుండానే ఆగిపోయింది. మిగిలిన కొద్ది ప్రతుల్లో ఒకటి 2009లో 25,742 పౌండ్లకి అమ్ముడుపోయింది. అదే పాటని 1979లో ఇంగ్లండులో మోటౌన్ వారి అక్కడి లేబుల్ టామ్లా మోటౌన్ మళ్లీ వేసింది. అది మామూలు సంపాదనపరులు కూడా కొనగలిగే ధరలోనే దొరుకుతుంది. పాట ఒకటే, పేజీలు వేరు, ధరల మధ్య పోలికే లేదు.

ఇంత ధర ఎందుకంటే, ప్రతులు తక్కువ కాబట్టి. హిట్టయిన సోల్ సింగిల్స్ లక్షల్లో అచ్చయ్యాయి కాబట్టి ఇప్పటికీ చవకే. అప్పట్లో ఎవరూ కొననివే కొద్ది ప్రతులు మిగిలాయి. ఉత్తర ఇంగ్లండు డాన్స్ హాళ్లలో, ముఖ్యంగా 1973 నుంచి 1981 దాకా నడిచిన విగన్ కసీనోలో, డీజేలు పోటీపడి వాయించింది ఆ ఆడని పాటలనే. నార్తర్న్ సోల్ అన్న పేరు కింద ధర పలికేవన్నీ దాదాపు ఆ బాపతువే.

ముద్రణ గుర్తుపట్టడానికి రికార్డు మధ్యలో అంటించిన కాగితం, అంటే లేబుల్, ఒక్కటే చాలదు. పాట గాడులు అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి పట్టీని డెడ్‌వాక్స్ అంటారు. ఫోన్ టార్చిని పక్కనుంచి, దాదాపు రికార్డుకి సమాంతరంగా పట్టి, రికార్డుని మెల్లగా తిప్పండి. గీసిన అంకెలు, కొట్టిన ముద్రలు వెండిలా మెరుస్తాయి. 60ల మోటౌన్ సింగిల్స్ చాలావాటి మీద ఏఆర్‌పీ అన్న చిన్న ముద్ర ఉంటుంది. అది మిషిగన్‌లోని ఒవాసో ఫ్యాక్టరీది, 1972లో కాలిపోయింది. చిన్న త్రిభుజం, పక్కన ఐదంకెల సంఖ్య, వృత్తంలో ఎంఆర్ కనిపిస్తే అది లాస్ ఏంజెలెస్‌లోని మోనార్క్‌లో అచ్చయింది. అదే సంఖ్య రెండో పక్క చివర ఎక్స్‌తో ఉంటుంది. జాబితా పేజీలో ఈ గుర్తులన్నీ రాసి ఉంటాయి. అక్షరం అక్షరం పోల్చండి. అసలు దాని మీద ముద్ర ఉండాల్సిన చోట చేతిగీత ఉన్నా, లేబుల్ మీద సన్నక్షరాలు అలుక్కుపోయినట్టున్నా అనుమానించాలి. 70ల్లోనే నకిలీలు బోలెడు వచ్చాయి. అనధికార ముద్రణ అని నమోదైన పేజీ మీద అమ్మకాన్ని డిస్కాగ్స్ ఒప్పుకోదు. కానీ నకిలీని అసలు పేజీ కింద పెట్టేస్తే ఆపేవాడు లేడు. ఆ బాధ్యత కొనేవాళ్లదే. డెడ్‌వాక్స్ ఫొటో అడిగితే నిజాయితీపరుడు మర్నాటికల్లా పంపుతాడు.

ధర చూసేటప్పుడు పేజీలో కనిపించే కనిష్ఠ, మధ్యస్థ, గరిష్ఠ ధరలతో ఆగకండి. అమ్మకాల చరిత్ర తెరిస్తే ఏ తేదీన, ఏ గ్రేడులో (అంటే ఏ స్థితిలో), ఎంతకి పోయిందో వరసగా ఉంటుంది. మధ్యస్థ ధర అన్ని గ్రేడులూ కలిపింది, దాన్ని పట్టుకుంటే పొరపాటు పడతారు. గోల్డ్‌మైన్ అనే అమెరికన్ రికార్డుల పత్రిక లెక్కలో వీజీ ప్లస్ అంటే, ఇంచుమించు కొత్తగా ఉన్న ప్రతి (నియర్ మింట్) ధరలో సగం, వీజీ అంటే పావు. పేరులో 'వెరీ గుడ్' అని ఉన్నా, వీజీ రికార్డు మెత్తటి పాటలో చిటపటలు బాగానే వినిపిస్తుంది. మన భాషలో అది 'పర్లేదు' కిందికి వస్తుంది.

బజారులో అసలు చిక్కు స్టైరీన్ అనే పెళుసు ప్లాస్టిక్. అమెరికన్ సింగిల్స్ అన్నీ వినైల్ కావు. కొలంబియా వారి ఓకే లేబుల్ సింగిల్స్ చాలా, మోనార్క్‌లో అచ్చయినవి చాలా పాలిస్టైరీన్‌వి. వేలి గోటితో అంచుని తడితే వినైల్ మొద్దుగా పలుకుతుంది, స్టైరీన్ టక్కుమంటుంది. వంగదు, వంచితే చిట్లుతుంది. త్వరగా అరుగుతుంది. పైకి అద్దంలా మెరుస్తూనే సూది పెట్టగానే బుసకొడుతుంది, ఎందుకంటే అరుగుదల గాడి లోపల ఉంటుంది, కంటికి ఆనదు. రేడియో స్టేషన్లకి పంపిన తెల్ల లేబుల్ ప్రోమో ప్రతుల్లో ఇంకొకటుంది. పాట సరిగ్గా మొదలయ్యే చోటు కోసం సూదిని ముందుకీ వెనక్కీ ఆడించడం వల్ల మొదటి కొన్ని సెకన్లు బరబరమంటాయి. క్యూ బర్న్ అంటారు దాన్ని. ఏ కడుగుడుకీ పోదు. కాబట్టి అమ్మేవాణ్ణి మూడే అడగండి: చూసి గ్రేడు ఇచ్చావా, వాయించి ఇచ్చావా? వినైలా, స్టైరీనా? మొదలు శుభ్రంగా ఉందా? జవాబు డొంకతిరుగుడుగా వస్తే వదిలేయడమే మేలు.

సింగిల్ బరువు సుమారు 40 గ్రాములే. అయినా ఒక్కదాన్ని తెప్పిస్తే చాలాసార్లు రవాణా ఖర్చు రికార్డు ధరని దాటేస్తుంది. ఒకే అమ్మకందారు దగ్గర ఐదారు కలిపి తీసుకోవాలి. కస్టమ్స్ సుంకం వేస్తే, పోస్టులో వచ్చినదానికి ఇంటి దగ్గర పోస్ట్‌మ్యాన్‌కి కట్టాలి, కొరియరైతే ముందు కేవైసీ అడుగుతారు. పేపాల్‌తో కట్టిన డబ్బుకి 180 రోజుల్లోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. అందుకని పార్సెల్ విప్పేటప్పుడే వీడియో తీసి ఉంచండి.

వచ్చాక విశాఖ చెమ్మ సంగతి చూడాలి. కాగితపు కవరు ఉప్పుగాలిని పీల్చి రికార్డుకి బూజు అంటిస్తుంది. సముద్రానికి దగ్గరున్న పెదవాల్తేరు, వన్‌టౌన్ ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. పాత కవరు విడిగా దాచి, రికార్డుని పాలిథీన్ పొర ఉన్న తొడుగులో పెట్టండి. పీవీసీ తొడుగు వద్దు, అది రికార్డు మీద పొగమంచులాంటి మచ్చ వదులుతుంది. బూజు ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో వాసన లేని సబ్బునీరు ఒక్క చుక్క కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంట తుడిచి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడిగి, ఫ్యాన్ కింద నిలబెట్టి ఆరనివ్వాలి. లేబుల్ తడవకూడదు. స్టైరీన్‌కి ఆల్కహాల్ తగలనివ్వకపోవడమే మంచిది. ఎండలో పెడితే మాత్రం వైశాఖంలో అరగంట చాలు, ఒంకర తిరిగిపోతుంది.

అమ్మడం కొనడం కన్నా కష్టం. 2023 మే నుంచి డిస్కాగ్స్ 9 శాతం తీసుకుంటోంది, అదీ రవాణా ఖర్చుతో కలిపి. 20 డాలర్ల రికార్డుకి 15 డాలర్ల రవాణా అయితే 35 మీద 3.15 డాలర్లు పోతాయి. ఆ పైన పేపాల్ కమీషన్, మారకం తేడా. భారత్‌లో పేపాల్ దేశీయ చెల్లింపులు 2021 ఏప్రిల్ నుంచి లేవు కాబట్టి హైదరాబాద్ కొనుగోలుదారుతో ఆ దారిలో లెక్క కుదరదు. వ్యాపారంగా బయటికి పంపాలంటే ఐఈసీ నంబరు (ఎగుమతి, దిగుమతిదారుల కోడ్) తీసుకోవాలి, గ్రామఫోన్ రికార్డుల కస్టమ్స్ కోడ్ 85238010. అమెరికా 2025 ఆగస్టులో 800 డాలర్ల లోపు పార్సెళ్లకున్న సుంకం మినహాయింపు ఎత్తేసింది. అటు కొనేవాళ్లకి ముందే ఆ మాట చెప్పాలి, లేకపోతే పార్సెల్ వెనక్కి రావచ్చు.

ప్యాకింగులో చాలామంది చేసే తప్పు, రికార్డుని కవర్లోనే ఉంచి పంపడం. దారిలో కుదుపులకి అంచు కాగితాన్ని కోసేస్తుంది. రికార్డుని విడి తొడుగులో, కవరుని దాని వెనక పెట్టండి. రెండువైపులా ముడతల అట్టలు, ఒకదాని గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండాలి. ఒకే దిశలో పెడితే రెండూ కలిసి ఒకేచోట మడతపడతాయి. ఆ మడత కింద స్టైరీన్ ఉంటే కొన్నవాడి చేతికి అందేది రెండు ముక్కలే.