నంపై లోడ్‌టెక్స్ట్: కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

విద్యార్థుల మార్కులున్న ఫైలును ద్విమితీయ అర్రేలోకి (అడ్డు, నిలువు వరుసల పట్టికలోకి) చదివించాలంటే, సీ భాషలో ఫైలు తెరవడం మొదలుకొని ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు లూపుల వరకు అన్నీ మనమే రాసుకోవాలి. పైథాన్‌లో నంపై లైబ్రరీ ఆ పనంతా లోడ్‌టెక్స్ట్ అనే ఒక్క ఫంక్షన్‌తో చేసిపెడుతుంది. ఆ లూపులను ఒకసారైనా సొంతంగా రాసి చూశాకే దీన్ని అందుకోవడం మంచిదని నా అభిప్రాయం. 2022లో వచ్చిన నంపై 1.23 వెర్షన్‌లో దీన్ని సీలో తిరిగి రాయడంతో వేగం బాగా పెరిగింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది దీని నిక్కచ్చితనం. ఒక వరుసలో నాలుగు సంఖ్యలుండి తర్వాతి వరుసలో మూడే ఉంటే, తోచింది పూరించి ముందుకు పోకుండా, నిలువు వరుసల సంఖ్య 4 నుంచి 3కి మారిందని, అది ఏ వరుసలోనో కూడా చెప్పి ఆగిపోతుంది.

అయితే ఫైలులో ఒకే వరుస ఉన్నప్పుడు ఫలితం ఏకమితీయ అర్రేగా వస్తుంది కాబట్టి, రెండు సూచికలతో రాసిన కోడ్ ఇండెక్స్‌ఎర్రర్‌తో నిలిచిపోతుంది. ఫలితానికి కనీసం ఎన్ని మితులుండాలో చెప్పే ఎన్‌డిమిన్ విలువను 2గా ఇవ్వడం మొదటి నుంచే అలవాటు చేసుకోవాలి. కామాల మధ్య ఖాళీగా వదిలేసిన గడులుంటే మాత్రం నంపైలోనే ఉన్న జెన్‌ఫ్రమ్‌టెక్స్ట్ అనే మరో ఫంక్షన్‌కు కామాను డిలిమిటర్‌గా (విలువలను విడదీసే గుర్తుగా) ఇచ్చి వాడాలి. అది ఆ చోట్ల నాన్ (సంఖ్య కాదని తెలిపే గుర్తు) ఉంచి మిగతావన్నీ చదువుతుంది.