ఫార్వర్డర్ కుదుపుల లెక్కకు క్రోనో: నాలుగేళ్లు వాడాక

స్వీడన్‌లో నరికిన దుంగలను అడవి లోపలి నుంచి రోడ్డు దాకా మోసే బండిని ఫార్వర్డర్ అంటారు. సాధారణంగా ఎనిమిది చక్రాలుంటాయి, తిరగాలంటే బండి నడిమధ్యలో ముడుచుకుంటుంది. చాలా వాటిలో చక్రాలకు సస్పెన్షన్ ఉండదు, ఉన్న స్ప్రింగులు టైర్లే. డ్రైవర్ సీటుకు ఎంత కుదుపు చేరుతుందో లెక్కగట్టడం నా పని. అందుకు నాలుగేళ్లుగా ప్రాజెక్ట్ క్రోనో అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. బండి కదలికలను కంప్యూటర్‌లో మోడల్‌గా కట్టి లెక్కగడుతుంది. ఇది ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ ఇస్తారు. బోగీని, అంటే ఒక పక్క ముందూ వెనకా ఉండే రెండు చక్రాలను కలిపి తూగుడుబల్లలా ఊగే భాగాన్ని మాత్రం నేనే జాయింట్లతో కట్టుకున్నాను.

మొదటి ఏడాదంతా టైరుతోనే సరిపోయింది. గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల వేగంలో కూడా రాయి అంచు తగలగానే మోడల్ ఎగిరిపడేది. తప్పు నాదే. టైరు నేలను ఒకే బిందువు దగ్గర తాకే సెట్టింగ్‌ను అలాగే వదిలేశాను. నిజం టైరు రాయిని కప్పుకుంటూ ఎక్కుతుంది. అలా కప్పుకోవడాన్ని లెక్కలోకి తీసుకునే ఎన్వలప్ పద్ధతికి మార్చాక ఆ ఎగురుడు పోయింది. తర్వాత డ్యాంపింగ్ దగ్గర, అంటే టైరు ఊగుడును ఎంత త్వరగా అణుస్తుందో చెప్పే అంకె దగ్గర దెబ్బతిన్నాను. అంచనాగా ఒక అంకె వేస్తే సీటు హాయిగా ఉన్నట్టు చూపించింది. సీటు మీద యాక్సిలరోమీటర్ పెట్టి కొలిస్తే ఊగుడు అంతకంటే చాలా ఎక్కువ. టైరు అంత త్వరగా ఊగుడును ఆపలేదు. మీ టైరు మీద కొలిచిన అంకెలు లేకపోతే ఈ ఫలితాలను నమ్మకండి.

అవి కుదిరాక క్రోనో చూపించిన విషయం మాత్రం నా ఆలోచననే మార్చేసింది. ముందు బోగీలో ఒక పక్క చక్రం 30 సెం.మీ. రాయి ఎక్కిందనుకోండి. బోగీ పుణ్యమా అని ఆ పక్క ఇరుసు 15 సెం.మీ. మాత్రమే లేస్తుంది. కానీ రెండు పక్కల చక్రాల మధ్య దూరం సుమారు 2 మీటర్లు, డ్రైవర్ తల దాదాపు 3 మీటర్ల ఎత్తులో. అంటే తల 20 సెం.మీ. పైనే పక్కకు విసురుగా పోతుంది. సీటు కింది స్ప్రింగేమో నిలువు కుదుపునే తీసుకుంటుంది! నాతో మాట్లాడిన డ్రైవర్లు నడుము కంటే మెడ, భుజాల గురించే ఎందుకు చెప్పారో అప్పుడు అర్థమైంది. ఆరోగ్యం లెక్క కట్టేటప్పుడు ఒంటికి తగిలే కుదుపును కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 2631-1 కూడా పక్క కుదుపును 1.4తో గుణిస్తుంది. యూరప్ చట్టంలో 8 గంటల పనికి కుదుపు పరిమితి 1.15 మీ/సె², 0.5 దాటగానే యజమాని చర్యలు మొదలుపెట్టాలి. నిలువు కుదుపు ఒక్కటే చూసి బండి బాగుందనడం డ్రైవర్‌కు అన్యాయం.

మెత్తటి నేల కావాలంటే క్రోనోలో ఎస్‌సీఎం అనే నేల మోడల్ ఉంది. చక్రం దిగబడి గాడి పడటం బాగా చూపిస్తుంది, కాకపోతే లెక్క పూర్తవడానికి చాలాసేపు పడుతుంది. నేను గడ్డకట్టిన చలికాలపు నేలకు గట్టి మెష్‌తోనే (దిగబడని నేల ఆకారంతోనే) సరిపెట్టుకుని, ఎస్‌సీఎంను మంచు కరిగే నెలలకే వాడుతున్నాను.