థర్మామీటరు లేని విస్కోమీటరు సెట్టు

కెమిస్ట్రీ ల్యాబ్‌లో డెమాన్‌స్ట్రేటర్‌ని. ఆస్ట్వాల్డ్ విస్కోమీటరు (ద్రవం సన్న నాళికలోంచి దిగే టైముని బట్టి దాని చిక్కదనం తేల్చే గాజు గొట్టం), 25 మి.లీ. స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్ (సాంద్రత తేల్చే సీసా) కలిపి అమ్మే సెట్టు కొని నెలైంది.

గాజు పని బాగుంది. కేశనాళిక నిటారుగా ఉంది, బల్బు పైనా కిందా గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి. పెట్టెలోని చీటీ మీద స్థిరాంకం, అంటే సెకన్లను చిక్కదనంగా మార్చే గుణకం, 0.0056 అని రాశారు గానీ, ఏ ఉష్ణోగ్రత దగ్గర తేల్చారో లేదు. థర్మామీటరు ఇవ్వలేదు. గొట్టాన్ని ఒకే ఉష్ణోగ్రతలో ఉంచే నీళ్లతొట్టి, అదే వాటర్‌బాత్, ఊసే ఎత్తలేదు.

మొదటిరోజు ఊరికే స్టాండుకి బిగించి మొదలుపెట్టా. అవే నీళ్లు, అదే గొట్టం; పై గీత నుంచి కింది గీతకి దిగడానికి పట్టిన టైము: 164, 161, 157 సెకన్లు. నాళికలో నలుసు ఇరుక్కుందేమో అనుకున్నా. నలుసుంటే టైము పెరగాలి కదా, ఇక్కడ తగ్గుతోందే! చివరికి చూస్తే తప్పు నా చేతిదే. నీళ్లు పైకి లాగిన ప్రతిసారీ బల్బును గుప్పిట్లో పట్టుకుంటున్నా. ఆ వెచ్చదనం చాలు.

బాత్‌లో పావుగంట ఉంచాక దారికొచ్చింది. 20 డిగ్రీల దగ్గర 180 సెకన్లు, 30 దగ్గర 143, 40 దగ్గర 118. టైము మూడోవంతు పడిపోయింది. అదే 20 డిగ్రీల తేడాకి నీటి సాంద్రత మాత్రం 0.998 నుంచి 0.992కి, అంటే ఒక్క శాతం కూడా తగ్గదు. వేడికి అణువులు దూరం జరిగేది కాస్తే; ఒకదాన్ని దాటి ఇంకొకటి జారడం మాత్రం చాలా తేలికవుతుంది.

సెట్టులో నాకు బాగా నచ్చింది బాటిలే. నిండా నింపి, మూత పెట్టి బాత్‌లో దించితే, మూతలోని సన్న రంధ్రం మీద నీళ్లు పూసలా ఉబికి నిలుస్తాయి. తుడిస్తే ఇంకో పూస. 40 డిగ్రీలు చేరేసరికి తుడిచిందంతా కలిపి 0.15 గ్రాములు. పిల్లలు స్టాప్‌వాచీలు పక్కన పెట్టి దాని చుట్టూ మూగారు.

నీళ్లు పైకి లాగే రబ్బరు గొట్టం మరీ బిగుతు. తడపకుండా తొడగబోతే రెండో వారంలోనే విస్కోమీటరు సన్న కొమ్ము పుటుక్కుమంది. గాజు సరుకు వాపసు తీసుకునేది లేదన్నారు అమ్మినవాళ్లు. మళ్లీ కొన్నదాని స్థిరాంకం వేరు, కాబట్టి చీటీలు కలిపేసుకోకండి. ద్రవాన్ని బాత్ ఉష్ణోగ్రతకి తెచ్చాకే పిపెట్‌తో కొలిచి పోయండి, లేకపోతే మట్టం మారి లెక్క చెడుతుంది.

గ్లిజరిన్ జోలికి మాత్రం వెళ్లకండి. ఈ నాళికలో 20 డిగ్రీల దగ్గర దిగడానికి రెండు రోజులు దాటుతుంది. 30కి వేడిచేసినా ఒక పగలూ రాత్రీ కాపలా కాయాల్సిందే.