బిగ్ స్టార్ ‘నంబర్ వన్ రికార్డ్’: ఏళ్ల తరబడి విన్నాక

పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత అమ్మకాల వరకూ ఈ ఆల్బమ్‌కి అతికినట్టు సరిపోతుంది. బ్యాండ్ పేరు బిగ్ స్టార్, ఆల్బమ్ పేరు నంబర్ వన్ రికార్డ్. 1972లో అమెరికాలోని మెంఫిస్‌లో వచ్చింది, చార్టుల దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు. బ్యాండ్ పేరేమో ఒక సూపర్‌మార్కెట్ బోర్డు చూసి పెట్టుకున్నదే. పాటల్లో మాత్రం దిబ్బ ఎక్కడా కనబడదు.

ఆడకపోవడానికి కారణం దుకాణం దాకా సరుకు చేరకపోవడం. ఆర్డెంట్ అనే చిన్న లేబుల్ దీన్ని తీసింది. పంపిణీ స్టాక్స్ అనే మరో రికార్డు కంపెనీది. స్టాక్స్‌కి సోల్ అనే నల్లజాతి అమెరికన్ల సంగీతం అమ్మడం వెన్నతో పెట్టిన విద్య, తెల్లకుర్రాళ్ల గిటార్ పాప్ ఎవరికి అమ్మాలో అంతగా తెలియదు. అదే ఏడాది పంపిణీ కొలంబియా రికార్డు కంపెనీ చేతికి వెళ్లాక పరిస్థితి ఇంకా దిగజారింది. పత్రికల్లో మెప్పు చదివి షాపుకెళ్తే రికార్డు దొరకదు. ఏడాది తిరక్కముందే, ఇద్దరు ముఖ్య గాయకుల్లో ఒకడైన క్రిస్ బెల్ బ్యాండ్ వదిలేశాడు.

మొత్తం 12 పాటలు, 37 నిమిషాలు. వరస మార్చకుండా వినాలి, షఫుల్ పెడితే సగం పోతుంది. ఎందుకంటే మొదటి అయిదు పాటల్లో గొంతులు వంతులేసుకుంటాయి: బెల్, రెండో గాయకుడు అలెక్స్ చిల్టన్, మళ్లీ బెల్, మళ్లీ చిల్టన్, మళ్లీ బెల్. బెల్‌ది పై స్థాయిలో చిరిగిపోయేలా అరిచే గొంతు. చిల్టన్ పదహారేళ్లకే బాక్స్ టాప్స్ అనే బ్యాండ్‌లో బొంగురుగా పాడి హిట్ కొట్టినవాడు, ఇక్కడ మాత్రం దాన్ని వదిలేసి సన్నగా, మెత్తగా పాడతాడు. ‘ఫీల్’లో బెల్ కేక, నడుమ సాక్సోఫోన్ల గుంపు, అది ఆగగానే ‘ద బ్యాలడ్ ఆఫ్ ఎల్ గూడో’లో నిమ్మళంగా చిల్టన్. ఒకటి లేకుండా రెండోది అంత ఆనదు.

ఆ ‘ఎల్ గూడో’ ఒక్కటి చాలు ఇంజినీర్ జాన్ ఫ్రై పనితనం తెలియడానికి. పల్లవిలో గొంతులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి, అయినా కింద ఎకూస్టిక్ గిటార్ తీగ గీరిన చప్పుడు కూడా చెక్కుచెదరదు. జోడీ స్టీఫెన్స్ డ్రమ్స్ మాట ముగిసిన ఖాళీలోనే దొర్లుతాయి, పాట మీద పడవు.

‘థర్టీన్’లో డ్రమ్స్ లేవు, ఎకూస్టిక్ గిటార్లు, గొంతులు, అంతే. రెండున్నర నిమిషాలు. గిటార్ నేర్చుకునేవాళ్లు దీన్ని తేలికనుకుని తీగలన్నీ ఒకేసారి గీరుతూ స్ట్రమ్ చేస్తారు, అక్కడే చెడుతుంది. బొటనవేలు లావు తీగలు నడపాలి, మిగతా వేళ్లు సన్న తీగలు మీటాలి. ఇంకో తప్పు, మధ్యలో సోలో దగ్గరికి రాగానే వేగం పెంచడం.

‘ది ఇండియా సాంగ్’ పేరు చూసి సితార్, తబలా కోసం ఎదురుచూడకండి, లేవు. బేస్ వాయించే ఆండీ హమ్మెల్ రాసింది. అడవిలో పెద్ద తెల్ల బంగళా, చేతిలో జిన్ అండ్ టానిక్, అంటే అచ్చం దొరగారి కల. మనకు నవ్వొస్తుంది. ఆల్బమ్‌లో పలుచటి పాట ఇదే, కానీ 2 నిమిషాల 20 సెకన్లే కాబట్టి ఇబ్బంది పెట్టదు. అసలు లోపం రికార్డు రెండో వైపు ఉంది: ‘గివ్ మీ అనదర్ చాన్స్’, ‘ట్రై అగైన్’ రెండూ మెల్లగా బతిమాలే పాటలు, పక్కపక్కనే పెట్టారు. వాటి ముందు ‘వెన్ మై బేబీస్ బిసైడ్ మీ’ అంత ఊపుగా ఉండబట్టి ఆ జారుడు ఇంకా తెలుస్తుంది.

వినే పద్ధతి గురించి. గిటార్లు కుడి ఎడమలకు విప్పి పరిచారు. ఒకే స్పీకర్ ఉన్న బ్లూటూత్ డబ్బాలో అవన్నీ ముద్దయిపోతాయి. ఇయర్‌ఫోన్స్ చవకవైతే పై స్థాయి చెవిలో గుచ్చుతుంది. ఈక్వలైజర్‌లో 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య 2, 3 డెసిబెల్స్ తగ్గిస్తే సర్దుకుంటుంది. బేస్ బూస్ట్ జోలికి వెళ్లొద్దు, ఎకూస్టిక్ గిటార్ బుర్రలా మోగుతుంది.

స్ట్రీమింగ్‌లో ఉత్త ‘బిగ్ స్టార్’ అని వెతికితే సినిమా హీరోల వీడియోలు వచ్చి పడతాయి. పక్కన చిల్టన్ పేరో ‘థర్టీన్’ అనో చేర్చండి. సీడీ కొనేవాళ్లకి 1974 నాటి రెండో ఆల్బమ్ ‘రేడియో సిటీ’తో కలిపి ఒకే డిస్క్‌గా వచ్చింది గిట్టుబాటు. కాకపోతే 12వ పాట నిమిషంలోపే అయిపోతుంది, ఆ వెంటనే బెల్ లేని బ్యాండ్ గరుకుగా మొదలవుతుంది. అక్కడ ఆపేసి, రెండోది ఇంకో రోజు వినండి.