చెన్నై ఉప్పుగాలికి మీటరు లెక్క చాలదు: ఇంట్లోనే బండి పని, కొన్నేళ్ల అనుభవం

తిరువాన్మియూర్‌లో సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటాం. ఇంట్లో రెండు బళ్లు. నాది బీఎస్-4 (పాత పొగ కాలుష్య ప్రమాణాలు) కాలం నాటి పల్సర్ 150, మా ఆవిడది యాక్టివా 6జీ. కొత్తలో ఫ్రీ సర్వీసులన్నీ కంపెనీ సర్వీస్ సెంటర్లోనే చేయించాం. వారంటీ నిలబడాలంటే అదే పద్ధతి, అందులో రాజీ వద్దు. అవి అయిపోయిన దగ్గర్నుంచి రెండు బళ్లకూ మామూలుగా పడే పనంతా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేనే చేస్తున్నాను. ఆఫీసులో మన తెలుగువాళ్లు ‘ఇది మనకు అయ్యే పనేనా, ఏం మిగులుతుంది’ అని తరచూ అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

డబ్బు సంగతి ముందు తేల్చేస్తాను. ఆదా కోసమే అయితే ఈ పని పెట్టుకోకండి. మిగిలేది లేబర్ చార్జీ ఒక్కటే. ఆయిలు, ఫిల్టరు, ప్యాడ్లు ఎవరు వేసినా కొనాల్సినవే. మొదట్లో పనిముట్లకు నాలుగైదు వేలు అవుతాయి కూడా. నేను చేసుకుంటున్నది వేరే కారణంతో. బండి మాన్యువల్‌లో ‘ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది’ అని రాసి ఉంటుంది. మనం చూసేది మాత్రం మీటరే. మా యాక్టివా తిరిగేది స్కూలుకీ, కూరగాయల మార్కెట్టుకీ, మరుందీశ్వరుడి గుడికీ. మీటరు కదిలినట్టే ఉండదు. కానీ ఉప్పుగాలి ప్రతి రాత్రీ తగులుతూనే ఉంటుంది. సైలెన్సర్ బోల్టులు తుప్పు పడతాయి, బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటుంది, కేబుళ్లు లోపల ఎండిపోతాయి, సైడ్ స్టాండ్ బిగుసుకుంటుంది. పైగా రెండు మూడు కిలోమీటర్లకే ఆపేస్తే ఇంజిన్ సరిగా వేడెక్కదు. లోపల పుట్టే తేమ ఆవిరై పోకుండా ఆయిల్లోనే కలుస్తుంది. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే అడుగున తెల్లటి నురగలాంటిది కనిపిస్తుంది చూడండి, అది అదే. తక్కువ తిరిగే బండికి తక్కువ పని చాలనుకోవడం ఈ ఊళ్లో చెల్లదు. నెలకోసారి ఎవరో ఒకరు వంగి చూడాలి. సర్వీస్ సెంటర్ వాళ్లు నెలనెలా మనింటికొచ్చి చూడరు కదా.

పనిముట్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది టార్క్ రెంచ్, అంటే బోల్టును ఎంత బిగించాలో కొలిచి చెప్పే పానా. చాలామంది దీన్ని చివర్లో కొంటారు, లేదా అసలు కొనరు. ముందుగా కొనాల్సింది ఇదే అని నా గట్టి అభిప్రాయం. ఫ్రీ సర్వీసుల రోజుల్లోనే ఒక సర్వీస్ సెంటర్లో ఆయిల్ బోల్టును (ఇంజిన్ కింద, పాత ఆయిల్ వదిలే చోట ఉండేది) ఎయిర్ గన్‌తో బిగించేశారు. తరవాత దాన్ని విప్పేసరికి థ్రెడ్ కూడా ఊడొచ్చింది. ఇంజిన్ కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఎక్కువ బిగిస్తే పోయేది కేసే. టార్క్ రెంచ్‌లో మాన్యువల్‌లో ఉన్న అంకె పెట్టుకుంటే సరిపడా బిగిసినప్పుడు ‘టక్’మంటుంది, అక్కడితో ఆపేయాలి. పని అయ్యాక స్ప్రింగు మీద ఒత్తిడి లేకుండా అంకెను అన్నిటికంటే కిందికి తిప్పి పెట్టుకోవాలి. ఒక్క రెంచ్ అన్నిటికీ చాలదు. ఆయిల్ బోల్టు, స్పార్క్ ప్లగ్ లాంటి వాటికి చిన్నది, వెనక చక్రం నట్టుకు పెద్దది కావాలి. నేను చిన్నదే కొన్నాను, పెద్దది నాకు తెలిసిన మెకానిక్ అన్న దగ్గర అడిగి తెచ్చుకుంటాను.

మిగతావాటిలో టపారియా కంపెనీ రింగు పానాలు, టీ-పానాలు ఈ గాలికి కూడా బాగా నిలిచాయి. వారానికోసారి నూనె గుడ్డతో తుడిస్తే చాలు. ఆన్‌లైన్లో వందకు పైగా ముక్కలతో పెట్టెల్లో వచ్చే సాకెట్ సెట్లు కొనొద్దు. అందులో మన బళ్లకు ఎక్కువగా పనికొచ్చేవి 8, 10, 12, 14, 17 సైజులే. స్క్రూడ్రైవర్ సంగతి ఒకటి చెప్పాలి. హోండా లాంటి జపాన్ డిజైన్ బళ్ల స్క్రూ తలలు పైకి మామూలు ప్లస్ లాగే కనిపించినా అవి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. వాటికి ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. యాక్టివా మూతలు పదే పదే తీసేవాళ్లు జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కోవాల్సిందే.

ఇక చైన్. ఇంట్లో చేసుకునే పనుల్లో ఫలితం వెంటనే తెలిసేది ఇదే. పల్సర్‌కు సెంటర్ స్టాండ్ ఉండటం పెద్ద సుఖం. బండి ఎత్తి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ, కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, ఆరాక గేర్ ఆయిల్ ఎస్ఏఈ 90 లింకుల లోపలి వైపు చుక్కలుగా వేస్తాను. రాత్రి వేసి పొద్దున బండి తీస్తే ఆయిల్ లోపలికి దిగుతుంది, చక్రం మీద చిందదు. పెట్రోలుతో కడగొద్దు. మంట భయం ఒకటి, ఓ-రింగుల చైన్ అయితే రబ్బరు పాడవుతుంది కూడా. అన్నిటికంటే ముఖ్యం, ఇంజిన్ ఆన్ చేసి గేర్లో పెట్టి, తిరుగుతున్న చైన్‌కు గుడ్డ ఆనించొద్దు. గుడ్డతో పాటు వేళ్లను స్ప్రాకెట్‌లోకి (చైన్ తిరిగే పళ్ల చక్రం) లాగేస్తుంది. ఆ పని చేస్తున్న కుర్రాళ్లు కనిపిస్తే ఆపి మరీ చెప్పండి.

చైన్ బిగింపు ఒక్కచోట చూసి సరిపెట్టుకోకూడదు. చైన్ అంతా ఒకేలా సాగదు. కింది వరస మధ్యలో వేలు పెట్టి పైకీ కిందికీ ఆడిస్తూ చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పి నాలుగైదు చోట్ల చూడాలి. ఎక్కడ బాగా బిగువుగా ఉందో అక్కడి కదలికనే లెక్కకు తీసుకోవాలి. ఇలాంటి బళ్లకు సాధారణంగా అది 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, ఖచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూసుకోండి. రెండు వైపులా అడ్జస్టర్ గీతలు సమానంగా ఉండాలి. లేకపోతే చక్రం వంకరగా నిలబడి చైనూ స్ప్రాకెట్టూ ఒక పక్కకే అరుగుతాయి. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. చక్రం వెనక్కి జరిగితే వెనక డ్రమ్ము బ్రేకు రాడ్ బిగుసుకుంటుంది, బ్రేకు పట్టేసి ఉంటుంది. కాబట్టి రాడ్ చివరి నట్టు కూడా సర్దాలి. బ్రేక్ లైటు ఎప్పుడు వెలుగుతోందో కూడా చూసుకోవాలి.

పల్సర్ ముందు డిస్కు బ్రేకు విషయంలో ఉప్పుగాలి ఏం చేస్తుందో దగ్గర్నుంచి చూశాను. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతుంది. ఆ పిన్నులకు రబ్బరు తొడుగులుంటాయి. తొడుగు ఎక్కడో కొంచెం చిట్లితే తేమ లోపలికి దిగి గ్రీజు ఎండి పిన్ను బిగుసుకుంటుంది. బైటికి ఏమీ తెలియదు, బ్రేకు పడుతూనే ఉంటుంది. ప్యాడ్లు బైటికి తీసి చూస్తే ఒకటి దాదాపు కొత్తదానిలా ఉంది, రెండోది రేకు కనిపించేదాకా అరిగిపోయింది. పిన్ను తీసి, తుప్పు తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే కాలిపర్ వేలితో తోస్తే జరిగింది. అక్కడ మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. అప్పటి నుంచి వర్షాకాలం ముందోసారి, తరవాతోసారి పిన్నులు తీసి చూడటం తప్పనిసరి చేసుకున్నాను. యాక్టివా డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. చెన్నైలో సంవత్సరం పొడుగునా ఉక్కే కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలన్న మాటను ఇక్కడ అక్షరాలా పాటించాలి. ఇది ఇంట్లో చేయొచ్చు. కానీ గొట్టంలో గాలి బుడగ మిగిలితే లివర్ మెత్తబడిపోతుంది. అందుకే మెకానిక్ అన్న పక్కన నిలబడి నేర్చుకున్నాకే నేను మొదలుపెట్టాను. ‘నేర్చుకోండి సార్, కానీ క్లచ్ ప్లేట్ల దాకా వెళ్లొద్దు’ అన్నాడాయన. ఆ మాట నేను ఇప్పటికీ దాటలేదు. ఫ్లూయిడ్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

ఆయిల్ మార్చడం అన్నిటికంటే తేలిక, కానీ రెండు రకాల బళ్లున్న ఇంట్లో ఒక జాగ్రత్త ఉంది. పల్సర్ క్లచ్ ఇంజిన్ ఆయిల్లోనే తడుస్తుంది, దానికి జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ రకం కావాలి. యాక్టివా క్లచ్ పొడిగా వేరే గదిలో ఉంటుంది, దానికి 10డబ్ల్యూ-30 ఎంబీ వాడతారు. ఎంబీ ఆయిల్లో రాపిడి తక్కువ. అది గేర్ల బండిలో పోస్తే క్లచ్ జారుతుంది. మా ఇంట్లో రెండు డబ్బాల మూతల మీద పెద్దక్షరాలతో బండి పేరు రాసి పెట్టాను. యాక్టివాకు వెనక చక్రం దగ్గర ఇంకో చిన్న గేర్ ఆయిల్ కూడా ఉంటుంది. వంద మిల్లీలీటర్ల పైచిలుకు అంతే, కానీ చాలామంది మెకానిక్కులు అడిగితే తప్ప దాని ఊసెత్తరు. ఆయిల్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి.

యాక్టివాకు ఇంట్లో చేసేది ఇంకా తక్కువ. ఎయిర్ ఫిల్టర్ జిగట నూనె పట్టించిన పేపర్ రకం, దాన్ని గాలితో ఊది శుభ్రం చేయకూడదు, మార్చాలంతే. వెనక చక్రం తీయాలంటే సైలెన్సర్ విప్పాలి, ఆ బోల్టులు ఈ ఊళ్లో తుప్పుతో విరుగుతాయి. అందుకని వెనక టైరు పని షాపుకే ఇస్తాను. గాలి మాత్రం ఇంట్లోనే. ముందు 22, వెనక 29, ఇద్దరెక్కితే వెనక 36 పీఎస్ఐ. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా బళ్లలో కార్బ్యురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పల్సర్ కార్బ్యురేటర్ నేనే విప్పి కడుగుతాను, యాక్టివా పెట్రోలు గొట్టం జోలికి మాత్రం వెళ్లను. అందులో పెట్రోలు ప్రెజర్ మీద ఉంటుంది. ఇంజిన్ లైటు వెలిగిందంటే సర్వీస్ సెంటర్‌కే. ఇంకో సంగతి, ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీల్చుకుంటుంది. ఊరెళ్లి వారాల తరబడి బండి కదపకపోతే, వచ్చాక ముందు పెట్రోలు గొట్టాలు చిట్లాయేమో చూడండి.

సామాన్లకు ఎగ్మోర్ పక్కన పుదుపేట, లేదంటే మౌంట్ రోడ్డు దగ్గర జనరల్ ప్యాటర్స్ రోడ్డు. పుదుపేటలో పాత సామాను బాగా దొరుకుతుంది. అద్దాలు, ప్లాస్టిక్ మూతలు అక్కడ తీసుకోవచ్చు. బ్రేకు, చైన్, కేబుల్ లాంటివి మాత్రం పాతవి కొనకండి, కంపెనీ డీలర్ కౌంటర్లోనే కొనండి. తమిళం రాదని టెన్షన్ అక్కర్లేదు. పాత పార్టు విప్పి చేత్తో పట్టుకెళ్తే పని అయిపోతుంది.

వానల సంగతి వదిలేయలేను. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానుకు ముందు ఇక్కడ వేళచ్చేరి, పల్లికరణై వైపు బళ్లు సీటు దాకా మునిగాయి. నీళ్లు తీశాక అందరూ చేసే మొదటి పని సెల్ఫ్ నొక్కి చూడటం. అది వద్దు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. ప్లగ్ విప్పి, ఇగ్నిషన్ ఆఫ్‌లోనే ఉంచి మెల్లగా కిక్ కొడితే నీళ్లు ఆ రంధ్రంలోంచి చిమ్ముతాయి. ఆయిల్ కొంచెం వదిలి చూడండి. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, మొత్తం తీసేసి కొత్తది పోసి, కొద్దిసేపు నడిపి మళ్లీ మార్చాలి. ట్యాంకు మునిగితే పెట్రోలు కూడా తీసేయాలి. స్కూటరైతే బెల్టు ఉండే గదిలోని నీళ్లు బైటికి పోయేదాకా నడపకండి. ఇంజెక్షన్ బండి నిండా మునిగితే ఇవేవీ ఇంట్లో ప్రయత్నించకుండా తోసుకుంటూనో ఆటో ట్రాలీలోనో షాపుకు చేర్చడమే మంచిది.

పార్కింగ్‌లో చేస్తారు కాబట్టి కింద మందపాటి అట్ట పరిచి పని మొదలుపెట్టండి, నేల మీద ఆయిల్ మరక పడితే అసోసియేషన్ వాళ్లు ఆ రోజుతోనే వద్దంటారు. తీసిన ఆయిల్‌ను కాలవలో పోయకండి. ఇక్కడి కాలవలన్నీ చివరికి అడయారు నదికో, బకింగ్‌హాం కాలువకో చేరేవే. నేను ఖాళీ డబ్బాల్లో పట్టి మూత బిగించి మెకానిక్ అన్నకు ఇస్తాను. పాత ఆయిల్ కొనేవాళ్లు ఆయన దగ్గరికి వచ్చి డ్రమ్ముల్లో పట్టుకెళ్తారు.