నాలుగు జానర్లు, నాలుగు స్క్రిప్టులు: ముందు ఏది చదివించాలి?

సొంత కథలతో సినిమా స్క్రిప్టులు రాసేవాళ్లకు ఒక దశలో ఈ టెన్షన్ తప్పదు. చేతిలో ఒక థ్రిల్లర్, ఒక హారర్, ఒక కామెడీ, ఒక డ్రామా ఉంటాయి. చదువుతానన్న మనిషి మాత్రం ఒక్కరే దొరుకుతారు. ఏది ఇవ్వాలి? "నీకు బాగా నచ్చింది ఇవ్వు" అంటారు అందరూ. రాసినవాళ్లకు అన్నీ నచ్చుతాయి కాబట్టి ఆ సలహా నాకు పనికిరాలేదు. తెర మీద ఎలా ఉంటుందో తర్వాత చూసుకోవచ్చు. ముందు కాగితం మీద ఏది నిలబడుతుందో చూడాలి. ఎందుకంటే సంగీతం, నటులు, కెమెరా ఏవీ లేకుండా మన పని చూసే మొదటి మనిషి ఆ పాఠకుడే.

ఈ లెక్కన థ్రిల్లర్‌కు పుట్టుకతోనే ఒక సౌకర్యం ఉంది. ఉత్కంఠ అంతా సమాచారం మీద నడుస్తుంది: ఎవరికి ఏం తెలుసు, ఎవరికి తెలియదు, ఎప్పుడు తెలుస్తుంది. సమాచారాన్ని అందించడం అక్షరాలకు తేలికైన పని. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెబితే 15 నిమిషాల ఉత్కంఠ, చెప్పకుండా పేలిస్తే 15 సెకన్ల ఉలికిపాటు అని సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ వివరించేవారు. ఆ బాంబును ఒక్క వాక్యంలో రాసేయొచ్చు. చదివేవాళ్లకు అప్పుడే గుండె బరువెక్కుతుంది. అయితే థ్రిల్లర్‌లో లోపం కూడా అంతే త్వరగా బయటపడుతుంది. పోలీసులకు ఒక్క ఫోన్ చేస్తే కథ అయిపోతుందని పాఠకుడికి తట్టిందంటే, ఆ తర్వాతి పేజీలన్నీ వృథా.

హారర్ సంగతి నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. తెర మీద భయం సగం శబ్దంలో, సగం చీకటిలో ఉంటుంది. కాగితం మీద ఆ రెండూ ఉండవు. నా మొదటి డ్రాఫ్ట్‌లో "ఒక్కసారిగా", "హఠాత్తుగా" అన్న మాటలు ప్రతి రెండు పేజీలకూ ఉండేవి. చదివిన స్నేహితుడు, "చప్పుళ్లు చాలా ఉన్నాయి, భయం లేదు" అన్నాడు. నిజమే. కాగితం మీద భయం పుట్టాలంటే పాఠకుడికి ముందు ఒక అలవాటు చేయాలి, తర్వాత దాన్ని చెడగొట్టాలి. తిరగరాసినప్పుడు ఒక చిన్నపిల్ల రోజూ రాత్రి వరండా లైటు వేసి పడుకోవడం మొదటి 20 పేజీల్లో మూడుసార్లు చూపించాను. తర్వాత ఒక రాత్రి, వేసిన లైటు ఆరిపోయి ఉంటుంది. అంతే. దానికి ముందు, వెనక ఏ విశేషణమూ పెట్టలేదు. వాక్యాలు పొట్టిగా చేసి, ఒక్కో వరుసకు ఒక్కో షాట్ మాత్రమే ఉంచాను. అప్పుడు పనిచేసింది.

హారర్‌కు ఇంకో బలం ఖర్చు. ఒక ఇల్లు, నలుగురు మనుషులు ఉంటే కథ నడుస్తుంది. 'పారానార్మల్ యాక్టివిటీ'ని దర్శకుడు తన సొంత ఇంట్లోనే, సుమారు 15,000 డాలర్లతో తీశారు. పెద్ద తారలు అక్కర్లేని కథ అంటే కొత్త రచయిత పేరు చూసి నిర్మాత వెనకాడే అవకాశం తగ్గుతుంది.

కామెడీని పంపడం కంటే వినిపించడం మేలు. ఒంటరిగా, అలసిపోయి చదివే మనిషిని నవ్వించడం చాలా కష్టం. పంచ్ డైలాగ్ కాగితం మీద చప్పబడుతుంది. నిలిచేది సందర్భం ఒక్కటే: ఒక మనిషి చిన్న అబద్ధం ఆడాడు, దాన్ని కాపాడుకోవడానికి ఇంకా పెద్దవి ఆడాల్సి వస్తోంది. కామెడీ రాసిన చెయ్యి హారర్‌కు కూడా పనికొస్తుందని నా గట్టి నమ్మకం. రెండిట్లోనూ బిగించి, సరైన క్షణంలో వదలాలి. ఏళ్ల తరబడి టీవీలో కామెడీ స్కెచ్‌లు చేసిన జోర్డాన్ పీల్, హారర్ కథ 'గెట్ అవుట్'కు 2018లో ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్ అందుకున్నారు.

డ్రామా నాకు అన్నిటికంటే ప్రాణం. కానీ ముందు ఇవ్వను. "ఆమె సమాధానం చెప్పకుండా కంచం తీసి లోపలికి వెళ్లింది" అన్న వాక్యాన్ని మంచి నటి ఒక గొప్ప సీన్ చేయగలదు. మనమెవరో తెలియని పాఠకుడు మాత్రం దాన్ని దాటేసి వెళ్లిపోతాడు. మౌనాన్ని ఓపికగా చదవాలంటే రచయిత మీద ముందే నమ్మకం ఉండాలి.

నాలుగూ ఒకేసారి పంపడం మాత్రం వద్దు. అలా పంపితే ఏ పనికి మనల్ని పిలవాలో చదివేవాళ్లకు తెలియదు. నేనైతే ముందు థ్రిల్లర్ ఇస్తాను. ఎదురుగా కూర్చుని వింటామంటేనే కామెడీ తీస్తాను. ఒకే ఇంట్లో తీయగల కథ కావాలని వాళ్లే అడిగితే హారర్. థ్రిల్లర్ చివరి పేజీ దాకా చదివి "ఇంకేం రాశారు?" అని అడిగిన మనిషికి, ఆ రోజే, డ్రామా.