ఈపాస్ ఫీజు రీయింబర్స్‌మెంట్: సీటు వచ్చేదాకా బాగుంది, సర్టిఫికెట్ల దగ్గరే తిప్పలు

మా తమ్ముడి బీటెక్ మొత్తం తెలంగాణ ఈపాస్ (కాలేజీ ఫీజు గవర్నమెంట్ కట్టేలా అప్లికేషన్ పెట్టుకునే వెబ్‌సైట్) మీదే గడిచింది కాబట్టి ఈసారి కౌన్సెలింగ్‌కి వెళ్లేవాళ్ల కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నా. చేరేటప్పటికి అయిదు స్టార్లు, బయటికొచ్చేటప్పటికి రెండు.

2008లో వైఎస్ హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున మొదలయ్యాకే మా వైపు కూలికి పోయే ఇళ్ల పిల్లలు ఇంజనీరింగ్‌లో చేరడం మొదలైంది, ఇది ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. కానీ ఫీజు మొత్తం గవర్నమెంటే కడుతుందని గుడ్డిగా నమ్మకండి. బీసీలకు మామూలుగా ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, ఇంజనీరింగ్ ఎంట్రన్స్) పదివేల లోపు ర్యాంకు ఉంటేనే పూర్తి ఫీజు, దాటితే ఏడాదికి 35,000 చొప్పున లెక్క. కాలేజీ ఫీజు లక్ష అయితే మిగతా 65,000 మన జేబులోంచే. ఎస్సీ, ఎస్టీలకు ఈ కోత లేదు.

అప్లికేషన్ పెట్టే ముందు టెన్త్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టుకుని పేరు అక్షరం అక్షరం చూసుకోండి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొట్టి అక్షరం ఉంటే ముందు ఆధార్ సెంటర్‌కి పరిగెత్తాలి. హాజరు 75 శాతం తగ్గకూడదు.

అసలు టెన్షన్ చివర్లో. మావాడు మెమోలు, టీసీ కోసం వెళ్తే కౌంటర్‌లో ఆయన రిజిస్టర్ తిరగేసి, "మీ బ్యాచ్ డబ్బులు ఇంకా పడలేదు తమ్ముడూ, ఇప్పుడు మీరు కట్టి తీసుకెళ్లండి, పడ్డాక తిరిగిస్తాం" అన్నాడు. ఉద్యోగంలో చేరాలంటే ఒరిజినల్స్ చూపించాలి, నాన్న రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. కాలేజీలకూ బాధ ఉందిలెండి, బకాయిల కోసం 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. గవర్నమెంట్‌కీ కాలేజీకీ మధ్య లెక్క తేలకపోతే మధ్యలో పిల్లాడి మెమోలు తాకట్టు పెట్టుకోవడం ఏం న్యాయం? అటు ఆంధ్రాలో ఇలాంటి పథకమే అయిన విద్యా దీవెన డబ్బులు కొన్నాళ్లు తల్లుల ఖాతాల్లో వేశారు, ఇక్కడ మాత్రం ట్యూషన్ ఫీజు కాలేజీ ఖాతాకే పోతుంది.

కాబట్టి కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే, రీయింబర్స్‌మెంట్ లేటైతే సర్టిఫికెట్లు ఆపుతారా అని ఆ కాలేజీలో ఈమధ్య పాసైనవాళ్లను అడగండి. ఆఫీసులో అడిగితే ఎవరైనా "ఆపం" అనే చెప్తారు.